ఒకే గేటు వెంచర్: ఫార్వర్డ్ చేసేవాళ్లకు

కడప గ్రూపుల్లో ఆ మెసేజీ మళ్లీ తిరుగుతోంది. "ఒకే గేటు, చివర మూసుకున్న వీధులు ఉన్న వెంచర్లోనే ప్లాటు కొనండి. వీధిపోటు ఉండదు, పిల్లలకు భద్రం. దారులు ఎక్కువైతే మన ఏడు రోడ్ల కూడలి మాదిరి జామే. బయటి రోడ్లంటారా, ఊరు పెరిగితే అవే కలుస్తాయి." పంపేవాళ్లలో ఒక్కరైనా లేఅవుట్ ప్లాను విప్పి చూసినట్టు లేదు.

వీధిపోటు: మూసుకున్న వీధి తిన్నగా పోయి గుచ్చుకునేది చివరి ప్లాటుకే కదప్పా! ఇంక దీనికింతే.

ఏడు రోడ్లు: అక్కడి తిప్పలు దారులు ఎక్కువై కాదు, ఆ కూడలిని తప్పించుకుపోయే దారులు తక్కువై.

ఇక "అవే కలుస్తాయి". అసలు కొంప ముంచేది ఈ మాటే. ఇల్లు పాతబడితే కూలగొట్టి కట్టుకుంటాం. వీధి అట్లా కాదు. చివరి ప్లాటు రిజిస్టరై, దానిమీద డూప్లెక్స్ లేచినాక ఆ రోడ్డును అవతలికి పొడిగించాలంటే భూసేకరణే దిక్కు. వెంచర్లేమో సర్వే నంబరు గట్ల వెంబడి ముక్కలు ముక్కలుగా పడతాయి. ఒకరి నలభై అడుగుల రోడ్డు ఇంకొకరి గోడకు తగిలి ఆగుతుంది.

పదెకరాల చదరమంటే పక్క సుమారు 200 మీటర్లు. అట్లాంటివి రెండు పక్కపక్కన, మెయిన్ రోడ్డు వైపు నడిమధ్యన ఒక్కో గేటు. ఉమ్మడి గోడకు అటొకటి ఇటొకటి, వెనక మూలల్లో రెండిళ్లు. మధ్య దూరం 20 మీటర్లు. దారిన పోతే లోపల 300, రోడ్డుమీద 200, మళ్లీ లోపల 300. కరివేపాకు రెబ్బ కోసం 800 మీటర్లు! స్కూటీ తీస్తారు. రోడ్డుకు డివైడర్ ఉంటే యూటర్న్ దాకా ఎవరు పోతారు, రాంగ్ రూట్లోనే వస్తారు. ఇదీ భద్రత.

వీధితోపాటే నీళ్ల పైపూ ఆగుతుంది. చివర్లో నీళ్లు కదలక మడ్డి పేరుకుంటుంది. అక్కడ వాషవుట్ వాల్వు పెట్టి అప్పుడప్పుడు వదలకపోతే చివరింటి కొళాయికి మురికినీళ్లే. మధ్యలో పైపు పగిలితే రెండోవైపు నుంచి నీళ్లిచ్చే వీలుండదు.

కొనేముందు ప్లానులో వీధి ముక్కలు లెక్కపెట్టండి, కూడలి నుంచి పక్క కూడలికో, మూసుకున్న చివరకో ఒక ముక్క. కూడళ్లను, మూసుకున్న చివరలను కలిపి ఆ మొత్తంతో భాగించండి. 1.4 దాటితే మేలు. చెట్టుకొమ్మల్లా చీలిపోయే వెంచర్లో 1 కూడా రాదు.

పిల్లల సంగతి మాత్రం ఒప్పుకోవాల్సిందే. అడ్డదారిన దూసుకుపోయే బండ్లు లేని వీధిలో క్రికెట్ నిశ్చింతగా సాగుతుంది. అమెరికా శివార్లు దశాబ్దాలపాటు ఈ ఆశతోనే కట్టినారు, 1990ల నడుమ నుంచి కొత్త వీధుల్లో ఆ పోకడ తగ్గింది. ఆ మేలు పోకుండా దారి కావాలంటే చివరి గోడలో ఆరడుగుల సందు, నడుమ ఒక రాతి కూసం చాలు. కారు, ఆటో ఆగుతాయి, మనుషులు, సైకిళ్లు పోతాయి. స్కూటీ దూరుతుంది, సర్దుకోవాలి.

ఆ సందు ఎక్కడుందని వెంచర్ ఆఫీసులో అడిగి చూడండి. "గోడ మొత్తం మూసేసినాం సార్, ఫుల్ సేఫ్టీ" అంటారు.