హైలైట్స్ వీడియోలో కనిపించని రన్నింగ్ బ్యాక్

పెళ్లి సంబంధానికి పంపే ఫొటోకీ, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే హైస్కూల్ కుర్రాడి హైలైట్స్ వీడియోకీ పెద్ద తేడా లేదు. బాగా వచ్చినవే బయటికొస్తాయి. మూడు నిమిషాల వీడియోలో రన్నింగ్ బ్యాక్ కుర్రాడు బంతి అందుకున్న ప్రతిసారీ నలుగురిని తప్పించుకుని అరవై గజాలు పరిగెడతాడు. బంతి జారవిడిచిన సందర్భం అందులో ఉండదు. రెండు గజాలకే కింద పడిన సందర్భమూ ఉండదు. ఏటా డిసెంబరులో, కుర్రాళ్లు కాలేజీలతో సంతకాలు చేసే రోజుల్లో, ఆ వీడియో చూసి "వీడొచ్చాడంటే ఇక మనకు తిరుగులేదు" అనుకునే అభిమానులు అమెరికా అంతటా ఉంటారు. కొలంబస్‌లో ఇంకాస్త ఎక్కువ.

కొలంబస్ అంటే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ. ఎమ్మెస్‌కి వచ్చి, ఉద్యోగం చూసుకుని, శివార్లలో డబ్లిన్ వైపో పావెల్ వైపో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఈ జట్టు ఎలాగూ తప్పదు. లక్షా రెండు వేల మందికి పైగా పట్టే స్టేడియం అది. శనివారం అక్కడ మ్యాచ్ ఉందంటే సత్యనారాయణ వ్రతమైనా, పిల్లల పుట్టినరోజైనా ముందు మ్యాచ్ టైమ్ చూసుకునే ముహూర్తం పెట్టుకోవాలి. అలా చూస్తూ చూస్తూ నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. కొత్తగా వచ్చే రన్నింగ్ బ్యాక్‌ను అంచనా వేసేటప్పుడు అందరం అతని చేతిలో బంతి ఉన్న క్షణాలనే చూస్తున్నాం. మొదటి ఏడాది అతను ఎంత ఆడతాడన్నది చాలావరకు బంతి లేని క్షణాల్లో తేలుతుంది.

ఈ ఆట అలవాటు లేనివాళ్లకు ఒక్క మాట. రన్నింగ్ బ్యాక్ కబడ్డీలో రైడర్ లాంటివాడు. ఎదుట పదకొండు మంది ఉంటారు. బంతిని పొట్టకు హత్తుకుని వాళ్ల మధ్య నుంచి బయటపడాలి. కాకపోతే ఇతనికి ముందు ఐదుగురు భారీ లైన్‌మెన్ దారి చేస్తుంటారు. ఆ దారి ఎక్కడ తెరుచుకోబోతోందో అర సెకను ముందే పసిగట్టగలగాలి. ఈ చూపు ఉన్నవాడికి పద్దెనిమిదేళ్లకే ఉంటుంది, నేర్పిస్తే వచ్చేది కొంతే. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌లు, లైన్‌మెన్ రెండు మూడేళ్లు బెంచీ మీద కూర్చునే చోట రన్నింగ్ బ్యాక్‌లు మాత్రం వచ్చిన ఏడాదే మెరవడానికి కారణం ఇదే. 2004లో ఓక్లహామా తరఫున ఆడ్రియన్ పీటర్సన్ ఫ్రెష్‌మన్‌గా, అంటే కాలేజీ మొదటి ఏడాదిలోనే, 1,925 గజాలు పరిగెత్తాడు. 2017లో విస్కాన్సిన్‌లో జొనాథన్ టేలర్ 1,977తో ఆ రికార్డు దాటాడు. పీటర్సన్ వచ్చేనాటికే దేశమంతా తెలిసిన పేరు. టేలర్ న్యూజెర్సీ నుంచి వచ్చిన మూడు నక్షత్రాల కుర్రాడు.

నక్షత్రాల సంగతి ముందు తేల్చేద్దాం. రిక్రూటింగ్ సంస్థలు హైస్కూల్ ఆటగాళ్లకు ఐదు వరకు నక్షత్రాలిస్తాయి. అవి శుద్ధ దండగ అనే వాదన తరచూ వింటుంటాం. నేను ఒప్పుకోను. ఒహాయో స్టేట్ తరఫున 2021లో ఫ్రెష్‌మన్‌గా 1,248 గజాలు చేసిన ట్రెవియాన్ హెండర్సన్ ఐదు నక్షత్రాలతోనే వచ్చాడు. ఆ రేటింగ్ ఇచ్చినవాళ్లు చూసింది సరిగ్గానే చూశారు. కానీ 2022లో మిసిసిపీ యూనివర్సిటీలో జరిగింది వేరు. అలబామాలోని పైక్ రోడ్ అనే చిన్న ఊరి నుంచి మూడు నక్షత్రాలతో వచ్చిన క్విన్‌షాన్ జడ్కిన్స్ తొలి ఏడాదే 1,567 గజాలు పరిగెత్తి, బంతిని అవతలి గీత దాటించే టచ్‌డౌన్లు 16 చేశాడు. అదే జట్టులో, అదే ఏడాది, ఐదు నక్షత్రాల ఆటగాడిగా పేరు పడి మరో కాలేజీ నుంచి మారి వచ్చిన జాక్ ఎవాన్స్ కూడా ఉన్నాడు. జడ్కిన్స్ అతన్ని దాటి వెళ్లిపోయాడు. నక్షత్రాలు కుర్రాడిలో ఎంత సత్తా ఉందో సుమారుగా చెబుతాయి. ఆ సత్తా ఈ సెప్టెంబరులో బయటపడుతుందా, మూడేళ్ల తర్వాతా అనేది వాటి లెక్కలో లేదు. కోచ్‌కి కావాల్సిందేమో ఈ సెప్టెంబరే.

ఒహాయో స్టేట్ చరిత్రలో ఒక విచిత్రం ఉంది, ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ఆ యూనివర్సిటీ ఫ్రెష్‌మన్ రికార్డు ఇప్పటికీ 2017 నాటి జె.కె. డాబిన్స్‌దే, 1,403 గజాలు. టెక్సస్‌లోని లా గ్రాంజ్ నుంచి వచ్చిన డాబిన్స్ హైస్కూల్ చివరి ఏడాది గాయం వల్ల సీజనంతా ఆడలేకపోయాడు. హెండర్సన్ కథా అంతే. 2020లో కోవిడ్ వల్ల వర్జీనియాలో హైస్కూల్ ఫుట్‌బాల్ వాయిదా పడి, చివరి ఏడాది ఆడకుండానే కాలేజీకి వచ్చేశాడు. అంటే ఫ్రెష్‌మన్‌గా వెయ్యి గజాలు దాటిన ఈ ఇద్దరికీ, అభిమానులు, స్కౌట్లు అన్నిటికంటే ఎక్కువగా తిరగేసే సీనియర్ ఏడాది వీడియోయే లేదు! దీన్నిబట్టి చివరి ఏడాది ఆడకపోతేనే మంచిదని అనలేం. ఆ ఏడాది అంకెలకు మనమిచ్చే విలువ కాస్త ఎక్కువైందని మాత్రం అనొచ్చు. చిన్న స్కూళ్ల మీద శుక్రవారం రాత్రి మూడు వందల గజాలు కొట్టడమంటే, చదును పిచ్ మీద స్కూల్ బౌలర్లను ఉతికి డబుల్ సెంచరీ చేయడంలాంటిది. బ్యాట్ పట్టుకోవడం వచ్చని తెలుస్తుంది, అంతే.

మరి వాళ్లిద్దరికీ ఉన్నదేంటి? ఇద్దరూ హైస్కూల్ ముందే ముగించుకుని జనవరిలోనే క్యాంపస్‌కి వచ్చేశారు. 2002లో 1,237 గజాలు చేసి జట్టును జాతీయ చాంపియన్‌గా నిలబెట్టిన ఫ్రెష్‌మన్ మారిస్ క్లారెట్ కూడా అలాగే జనవరిలో చేరాడు. ఆగస్టులో వచ్చేవాడికి ప్లేబుక్, అంటే జట్టు ఆడే ఎత్తుగడల పుస్తకం, తెరిచేలోపే తొలి మ్యాచ్ వచ్చేస్తుంది. జనవరిలో వచ్చినవాడికి చలికాలమంతా బరువులెత్తే గది, ఆ తర్వాత వసంతంలో పదిహేను ప్రాక్టీసులు దొరుకుతాయి. శరీరం గట్టిపడుతుంది, అంతకంటే ముఖ్యంగా ప్లేబుక్ తలకెక్కుతుంది. ఇప్పుడు చాలామంది జనవరిలోనే చేరుతున్నారు కాబట్టి ఇది గెలుపు రహస్యమని చెప్పడం లేదు. కానీ వేసవి దాకా రాని రన్నింగ్ బ్యాక్ మీద ఆ ఏడాదికి పెద్ద ఆశలు పెట్టుకుంటే మాత్రం టెన్షన్ కొనితెచ్చుకున్నట్టే.

ప్లేబుక్‌లో రన్నింగ్ బ్యాక్‌కి అంత నేర్చుకోవాల్సిందేముంటుందని అనుకోవచ్చు. బంతి తీసుకుని పరిగెత్తడమే కదా! అసలు చిక్కు అక్కడే. పది గజాలు ముందుకెళ్లడానికి జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కో ప్రయత్నం ఒక డౌన్. ఇప్పుడు మూడో డౌన్, ఇంకా ఎనిమిది గజాలు కావాలి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి వెనక్కి అడుగులేస్తున్నాడు, రన్నింగ్ బ్యాక్ అతని పక్కన నిలబడి ఉన్నాడు. అవతలి జట్టు ఎప్పుడూ వచ్చే నలుగురితో పాటు మరొకరినో ఇద్దరినో దాడికి పంపుతుంది, దాన్నే బ్లిట్జ్ అంటారు. దూసుకొస్తున్న నూరు కిలోల లైన్‌బ్యాకర్‌కి (అవతలి జట్టు రక్షణ ఆటగాడికి) అడ్డం పడాల్సింది ఈ పద్దెనిమిదేళ్ల కుర్రాడే. లోపలి వైపు నుంచి ఒకడు, అంచు నుంచి ఇంకొకడు ఒకేసారి వస్తే ముందు లోపలివాణ్ని ఆపాలి, క్వార్టర్‌బ్యాక్‌కి వాడు దగ్గర కాబట్టి. వస్తానని బెదిరించి వెనక్కి తగ్గేవాడు ఎవడు, నిజంగా వచ్చేవాడు ఎవడు? లైన్‌మెన్ ఏ వైపు జరుగుతున్నారు? వాళ్లు వదిలేసిన మనిషి ఎవరు? ఇదంతా రెండు సెకన్లలోపు తేల్చుకోవాలి. తేల్చుకున్నాక భుజం వంచి, పాదాలు నేలలో పాతుకుని దెబ్బ తినాలి. దానికి చప్పట్లు ఉండవు, ఆ సీన్ హైలైట్స్‌లోకీ ఎక్కదు.

హైస్కూల్‌లో ఈ పని పెద్దగా నేర్పరు. నేర్పకపోవడం కోచ్ తప్పూ కాదు. ఊళ్లో అందరికంటే వేగంగా పరిగెత్తే కుర్రాడు చేతికొస్తే బంతి వాడికివ్వాలి గానీ, ఇంకొకడి కోసం వాణ్ని అడ్డం నిలబెడతామా? అందుకే ఐదు నక్షత్రాల కుర్రాడైనా ఈ ఒక్క విషయంలో దాదాపు సున్నా నుంచి మొదలుపెడతాడు. కోట్ల డాలర్లు పోసి కూర్చిన జట్టులో క్వార్టర్‌బ్యాక్ కాలో భుజమో పోతే సీజన్ మొత్తం పోయినట్టే. నమ్మకం కుదరనివాణ్ని అతని పక్కన నిలబెట్టే కోచ్ ఉండడు. పోనీ, పరుగు ఆటలకు మాత్రమే దింపుదామా? ఇతను దిగాడంటే బంతి ఇతనికే వెళ్తుందని అవతలి జట్టుకు రెండు ఆటల్లోనే అర్థమైపోతుంది.

హెండర్సన్ నాలుగో ఏడాది, అంటే 2024 సీజన్ దీనికి మంచి సాక్ష్యం. అప్పటికి ఒహాయో స్టేట్ జడ్కిన్స్‌ను కూడా తెచ్చుకుంది. ఒకప్పుడు చెరో మూల ఫ్రెష్‌మన్ సంచలనాలైన ఇద్దరూ ఒకే జట్టులో బంతిని పంచుకుని, చెరో వెయ్యి గజాలు దాటి, జట్టుకు జాతీయ టైటిల్ తెచ్చారు. ఆ ఏడాది హెండర్సన్ గురించి తెలిసినవాళ్లు పరుగుల కంటే ఎక్కువగా మాట్లాడుకున్నది అతని బ్లాకింగ్ గురించే, అంటే ఇలా అడ్డం పడి ఆపడం గురించే. తనకంటే బరువైనవాళ్లను గాల్లోకి లేపేసినంత పనిచేశాడు. 2025 ఏప్రిల్‌లో, కాలేజీ ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఇద్దర్నీ రెండో రౌండ్‌లో, రెండు స్థానాల తేడాతో తీసుకున్నాయి. జడ్కిన్స్ 36, హెండర్సన్ 38. మొదటి ఏడాది వీడియోలు మాత్రమే చూసి ఉంటే హెండర్సన్‌లో ఈ మనిషి ఉన్నాడని నేనైతే ఊహించి ఉండేవాణ్ని కాదు.

దీనికి తోడు అదృష్టం. ఎవరికీ నచ్చదు గానీ లెక్కలోకి తీసుకోక తప్పదు. 1972లో ఫ్రెష్‌మన్‌లను ప్రధాన జట్టులో ఆడనిచ్చేలా నిబంధన మారింది. ఆ ఏడాది చేరిన కొలంబస్ కుర్రాడు ఆర్చీ గ్రిఫిన్ తొలి మ్యాచ్‌లో ఒక్కసారి బంతి ఇస్తే జారవిడిచాడు. అక్కడితో కథ ముగిసిందనుకున్నవాళ్లే ఎక్కువై ఉంటారు. తర్వాతి మ్యాచ్‌లో నార్త్ కరొలినా మీద బెంచీ నుంచి లేచి వచ్చి 239 గజాలు పరిగెత్తాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ రెండుసార్లు గెలిచిన ఏకైక ఆటగాడు ఇప్పటికీ అతనే. ఆ 239 ఫ్రెష్‌మన్ రికార్డుగా దాదాపు అర్ధ శతాబ్దం నిలిచింది. 2021లో టల్సా మీద 277 చేసి దాన్ని చెరిపేసింది హెండర్సనే. డాబిన్స్‌కి తొలి మ్యాచ్‌లోనే బంతి దక్కడానికి కారణం అంతకుముందు ఏడాది వెయ్యి గజాలు చేసిన మైక్ వెబర్ తొడ కండరం పట్టేయడం. దొరికిన తలుపును డాబిన్స్ 181 గజాలతో మళ్లీ మూయనివ్వలేదు. అదే ఎజికియల్ ఎలియట్‌ని చూడండి. 2013లో అతను చేరేసరికి ముందు వరుసలో కార్లోస్ హైడ్ పాతుకుపోయి ఉన్నాడు. ఎలియట్‌కి ఏడాది మొత్తంలో బంతి దక్కింది ముప్పై సార్లు. మరుసటి ఏడాది చివరి మూడు మ్యాచ్‌ల్లో వరుసగా 220, 230, 246 గజాలు చేసి జట్టును చాంపియన్ చేశాడు. ఎదురుగా హైడ్ లేకపోతే 2013లోనే వెయ్యి చేసి ఉండేవాడా? ఏమో. ముప్పై క్యారీల ఫ్రెష్‌మన్‌ను చూసి "వీడంతేలే" అని పెదవి విరిచినవాళ్లు తర్వాత ఏడాదంతా నోరు మూసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడైతే ఓపిక పట్టే పరిస్థితే తగ్గిపోయింది. ఫ్రెష్‌మన్ నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా కాలేజీలో ఆడగలిగే ఏళ్ల లెక్కలోకి ఆ ఏడాది రాకుండా చూసుకునే వెసులుబాటు 2018లో వచ్చింది. అది కుర్రాళ్లకు మేలే. కానీ ఆ వెంటే వచ్చిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే చోటు, లెక్క మార్చేసింది. కోచ్‌కి ఇరవై రెండేళ్ల, బ్లాకింగ్ వచ్చిన, గట్టిపడిన ఆటగాడు బయట రెడీమేడ్‌గా దొరుకుతున్నాడు. కుర్రాడికేమో బంతి దక్కకపోతే సీజన్ అయ్యాక మూటాముల్లె సర్దుకునే దారి ఉంది. నా దృష్టిలో ఇందులో ఎక్కువ నష్టపోయేది ఎలియట్ లాంటివాళ్లు, అంటే రెండో ఏడాదికి పండేవాళ్లు. పోర్టల్ ఉన్నంత మాత్రాన ఫ్రెష్‌మన్‌కి తలుపులు మూసుకుపోలేదు కూడా. 2025లో ఒహాయో స్టేట్ వెస్ట్ వర్జీనియా నుంచి అనుభవమున్న సి.జె. డొనాల్డ్‌సన్‌ను తెచ్చుకుంది. ఏడాది ముందే చేరిన జేమ్స్ పీపుల్స్ ఎలాగూ ఉన్నాడు. అయినా సీజన్ సాగేకొద్దీ ఎక్కువసార్లు బంతి వెళ్లింది క్లీవ్‌లాండ్ ఫ్రెష్‌మన్ బో జాక్సన్ చేతికే. (1985లో హైస్‌మన్ గెలిచిన ఆ బో జాక్సన్‌కీ ఇతనికీ పేరు తప్ప సంబంధం లేదు. ఆ పేరు మోస్తూ ఇదే స్థానంలో ఆడటానికి మాత్రం గుండె ధైర్యం కావాలి.)

కాబట్టి ఈసారి కొత్త కుర్రాడు వచ్చినప్పుడు నేను అడిగే ప్రశ్నలు వేరు. జనవరిలో వచ్చాడా, జూన్‌లోనా? అతని ముందు వరుసలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో గాయాల చరిత్ర ఉన్నదెవరికి? హైస్కూల్ మ్యాచ్‌ల పూర్తి వీడియో దొరికితే, బంతి పక్కవాడికి వెళ్లిన ఆటల్లో ఇతను ఏం చేస్తున్నాడు, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడా, ఎవరికైనా అడ్డం వెళ్లాడా? సీజన్ మొదలయ్యాక పరుగుల పట్టిక జోలికి వెంటనే వెళ్లను. చిన్న జట్టు మీద నలభై పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పుడు నాలుగో క్వార్టర్లో వచ్చే ఎనభై గజాలు సోమవారం ఆఫీసు కబుర్లకు సరిపోతాయి. నేను చూసేది రెండో క్వార్టర్, స్కోరు దగ్గర దగ్గరగా ఉండగా వచ్చే మూడో డౌన్. క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడిన జెర్సీ నంబర్ ఈ కుర్రాడిదేనా?