సోమశిలలో రాగి టోపీలు

కొల్లాపూర్ నుంచి సోమశిల పోయే దారిలో ఒక ఫ్లెక్సీ లేచింది. పాతకాలపు స్కూబా డైవింగ్ అభిమానుల వారాంతపు సమ్మేళనమట. శనివారం పొద్దున ప్రారంభోత్సవం, ఆదివారం సాయంత్రం చేపల పులుసుతో ముగింపు. పాలమూరుకు వలస బస్సులు తప్ప ఏమీ రావడం లేదని చిన్నబుచ్చుకున్నవాళ్లు ఇక తలెత్తుకుని తిరగొచ్చు. కరపత్రం కూడా నా చేతికి చిక్కింది. నున్నటి కాగితం, నాలుగు రంగులు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఏడో నిబంధన దగ్గర నాకు ముద్ద దిగలేదు. "1975 తర్వాత తయారైన ఏ సామగ్రినీ నీళ్లలోకి అనుమతించబడదు." కింద ఎర్రగీత.

వ్యాకరణం సంగతి వదిలేద్దాం. ఎర్రగీత కొట్టిన నిబంధనను గౌరవించడం పౌరుల బాధ్యత కాబట్టి నేను దాన్ని చాలా శ్రద్ధగా పాటించదలిచాను. నిర్వాహకుల కంటే ఎక్కువగా.

ముందు ఈ అభిమానం ఏమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. యుద్ధకాలంలో ఫ్రాన్సులో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడిపే తిప్పలు పడుతుంటే, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరు అందుకు పనికొచ్చే ఒక వాల్వు తయారుచేశాడు. నౌకాదళ అధికారి జాక్ కూస్తో వచ్చి ఆయనతో కలిశాడు. మనిషి పీల్చినప్పుడే సిలిండర్‌లోంచి గాలి వదిలేలా ఆ వాల్వును మార్చి, 1943లో ఇద్దరూ కలిసి నీళ్ల కింద గాలి పీల్చుకునే ఆక్వాలంగ్ అనే పరికరం చేశారు. నోటి దగ్గర నుంచి చెరో భుజం మీదుగా రెండు లావుపాటి రబ్బరు గొట్టాలు వీపు వెనక్కి పోతాయి. ఒకదాంట్లో గాలి వస్తుంది, ఇంకోదాంట్లో పోతుంది. గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు ఆ రోజుల్లో చాలామందికి లేదు. పీల్చడం బరువెక్కితే అయిపోవచ్చిందని అర్థం. అప్పుడు పక్కనున్న కడ్డీ కిందికి లాగితే, దాచిపెట్టిన కాస్త గాలి విడుదలవుతుంది. దాంతో పైకి రావాలి. ఆ కడ్డీ అంతకుముందే ఏ వేరుకో తగిలి కిందికి దిగి ఉంటే, దాచిన గాలి కూడా తెలియకుండానే ఖర్చయిపోయి ఉంటుంది. మనం నెలాఖరు జీతాన్ని నడిపే పద్ధతే ఇది కనుక నేనేమీ వెక్కిరించను.

నేను మాట్లాడేది ఏడో నిబంధన గురించి. దానికి మినహాయింపులున్నాయి. రబ్బరు గొట్టాలు పాతవైతే పగిలిపోతాయి కాబట్టి కొత్తవి వేసుకోవచ్చు. వాల్వు లోపలి పలుచటి పొరా అంతే. సిలిండర్ పాతదైతే పేలే ప్రమాదం ఉంది కాబట్టి అదీ కొత్తదే. ప్రాణం నిలబెట్టేవన్నీ ఈ ఏటివి, ఫొటోలో కనిపించేవన్నీ తాతల నాటివి. నియమం "నీళ్లలోకి" అన్నది గనక ఒడ్డున ఇన్నోవాలు, ఐస్‌పెట్టెలు, ఆకాశంలో డ్రోన్లు ఎన్నున్నా పవిత్రత చెడదు.

ఇక గాలి. స్కూబా సిలిండర్‌లో దాదాపు 200 బార్ల ఒత్తిడితో గాలి నింపాలి. కారు టైరులో ఉండేదానికి సుమారు తొంభై రెట్లు. ఆ గాలిలో నూనె ఆవిరి ఉండకూడదు, తేమ ఉండకూడదు, ప్రత్యేకమైన కంప్రెసర్‌తో వడగట్టి పట్టాలి. మన చౌరస్తాలో ఉన్న కంప్రెసర్ పంక్చర్ షాపుది. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన పసుపు రంగు సిలిండర్‌ను పసిబిడ్డలా ఎత్తుకుని అక్కడ దిగే దృశ్యం నాకు ఇప్పుడే కళ్లకు కడుతోంది.

"గాలి పట్టాలి బాబూ."

"పడ్తం సారూ. ట్యూబున్నదా, ట్యూబ్‌లెస్సా?"

ఆ పిల్లవాడికి తెలిసినంత గాలి గురించి కమిటీలో ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం.

ఇవన్నీ చిల్లర చిక్కులు. కార్యక్రమానికి ఆయువుపట్టు ప్రారంభోత్సవం. కరపత్రంలో స్పష్టంగా ఉంది: "ముఖ్య అతిథిచే హెల్మెట్ ధారణ." హెల్మెట్ అంటే మోటార్ సైకిల్‌ది కాదు. 1830లలో లండన్‌లో ఆగస్టస్ సీబే వాడుకలోకి తెచ్చిన రాగి శిరస్త్రాణం. భుజాల మీద రాగి పలక, దాన్ని మందపాటి గుడ్డ సూటుకు బోల్టులతో బిగిస్తారు. పైన గుండ్రటి రాగి తల పెట్టి ఎనిమిదో వంతు తిప్పితే పట్టేస్తుంది. కాళ్లకు సీసపు బూట్లు, ఛాతీ మీద సీసపు దిమ్మెలు. మొత్తం కలిపితే 80 కిలోల దాకా తూగుతుంది. నిజానికి ఇది స్కూబాయే కాదు. స్కూబా అంటే గాలి మనతోనే ఉండాలి. దీనికి ఒడ్డు నుంచి ఇద్దరు మనుషులు పంపు తిప్పుతుంటే గొట్టంలో వస్తుంది. ముఖ్య అతిథికి ఆ తేడా తెలియకపోయినా నష్టం లేదు. ఆయనకు ఎప్పుడూ గాలి కొట్టేది కార్యకర్తలే.

చూడండి మరి. షామియానా కింద ముఖ్య అతిథి. శాలువా కప్పారు. శాలువా మీదనే రాగి పలక పెట్టారు, ఎందుకంటే శాలువా తీస్తే కప్పినాయన నొచ్చుకుంటాడు. బోల్టులు బిగించారు. పన్నెండు బోల్టులకు పన్నెండు మండలాల నాయకులు, తలా ఒకటి. పదమూడో నాయకుడు అలిగి పోయాడు, అతన్ని బతిమాలి తెచ్చి సీసపు బూటు లేసు కట్టించారు. రాగి తల పెట్టి తిప్పారు. టక్కున పట్టింది. చప్పట్లు. ఇక ఆయన ప్రసంగం మొదలుపెట్టాడు. లోపల నుంచి.

ఒక్క ముక్క వినబడదు. గుండ్రటి అద్దం వెనక మీసం కదులుతుంటుంది. మైకు పట్టుకున్న అబ్బాయి ముందు అద్దానికి పెట్టి చూశాడు, పక్క అద్దానికి పెట్టి చూశాడు, చివరికి గాలి గొట్టం మొదట్లో పెట్టాడు. గురగుర మంది. "అన్న ఏమంటుండు?" అని వెనక నుంచి అడిగితే, "మంజూరు చేస్తా అంటుండు" అన్నాడు ముందున్నాయన. ఏం మంజూరో ఎవరూ అడగలేదు. మళ్లీ చప్పట్లు. నేను విన్న ప్రసంగాలన్నిటిలోకీ అర్థవంతమైనది ఇదే అయి ఉంటుంది.

ఈలోగా పంపు దగ్గర గొడవ. దానికి రెండు చేతిపిడులు, ఒకటే ఇరుసు. ఒక పిడి దగ్గర పాత వర్గం, ఇంకో పిడి దగ్గర మొన్న కండువా మార్చుకున్న వర్గం. వీళ్లు ఇటు తిప్పుతారు, వాళ్లు అటు తిప్పుతారు. ఇరుసు కదలదు. అన్నకు గాలి అందడం లేదని ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఆయన చేతులు ఊపుతున్నాడు. చేతులు ఊపితే అభివాదం అనుకోవడం అలవాటైన జనం తిరిగి చేతులు ఊపారు. కాసేపటికి కింద కూర్చున్న ఒక ముసలామె లేచి, "ఓ పిల్లగా, ఆయన మొకం నల్లగైతుంది సూడు" అంటే, అప్పుడు ముందరి అద్దం మర తిప్పి తీశారు. ఆయన మొదటి మాట: "ఫొటో వచ్చిందా?"

తల మాత్రం ఊడలేదు. వెనకనున్న చిన్న గొళ్లెం తీసి వెనక్కి తిప్పాలని ఎవరికి తెలుసు? కరపత్రం ప్రకారం తరువాతి అంశం టిఫిన్. ఉప్మాను కిటికీలోంచి చెంచాతో పెట్టారు.

రెండో రోజు నీళ్లలోకి దిగడం. వరద కాలంలో కృష్ణ ఎర్రగా వస్తుంది. చాచిన చెయ్యి కూడా కనబడదు. అడుగున మునిగిన చెట్ల మోళ్లున్నాయి, వాటికి చిక్కుకుని తెగిపోయిన సన్నకన్నుల అలివి వలలున్నాయి. రెండు గొట్టాల పరికరం తొడుక్కున్న మనిషి చిక్కుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు. అప్పుడు నిర్వాహకులు ఎవరిని పిలుస్తారో నాకు తెలుసు. చెరువులో పిల్లలు మునిగినా, కాలువలో కారు పడినా పోలీసులు ఏ మత్స్యకారులను పిలుస్తారో వాళ్లనే. నడుముకు తాడు, రొమ్ము నిండా గాలి, అంతే. శవం దొరికేదాకా దిగుతూనే ఉంటారు, దొరికాక వాళ్లను ఇంటికి పంపే ఆటో కిరాయి కూడా ఎవరి జేబులోంచీ రాదు. ఆ మత్స్యకారుల సామగ్రి 1975 కంటే చాలా పాతది. నిబంధనకు పూర్తిగా లోబడిన డైవర్లు ఈ తీరంలో వాళ్లొక్కరే. కరపత్రంలో వాళ్ల పేరు వెతికాను. ఉంది. చేపల పులుసు దగ్గర.

సరే, ఇంతకీ ఎందుకు దిగుతున్నారు? కాగితం వెనక వైపు పెద్ద అక్షరాల్లో రాశారు: "మునిగిన గ్రామాల మీదుగా అద్భుత విహారం."

ఇక్కడ ఏడో నిబంధన నాకు గుర్తొచ్చింది, వాళ్లకు రాలేదు. సోమశిల దగ్గర నిలిచిన నీళ్లు శ్రీశైలం ప్రాజెక్టువి. దానికి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లోనే గానీ, ఈ ఊళ్లను ఖాళీ చేయించి నీళ్లు నింపింది 1981 నుంచి. అంటే ఈ జలాశయమే 1975 తర్వాత తయారైన సామగ్రి. ఎర్రగీత ప్రకారం దీన్ని నీళ్లలోకి అనుమతించరాదు. నాగార్జున సాగర్ అయితే 1967లోనే పూర్తయింది గనక ఇబ్బంది లేదు, నీళ్ల కింద ఇక్ష్వాకుల పాత రాజధాని విజయపురి కూడా ఉంది. కానీ కరపత్రం అచ్చయిపోయింది. కాబట్టి 1975 నాటి సిసలైన చోట దిగదలిస్తే జొన్న చేలో దిగాలి. నోట్లో గొట్టాలు, కాళ్లకు రబ్బరు రెక్కలు, నడుముకు సీసం. వేరుశెనగ సాళ్ల మధ్య వెనక్కి వెనక్కి నడుస్తూ పోవాలి, రెక్కలతో ముందుకు నడవడం రాదు గనక. బాయి గట్టున మోట తోలే రైతు ఎడ్లను ఆపి, "ఎవరయ్యా మీరు, మా చేన్ల ఏం పని?" అని అడుగుతాడు.

అడుగుతాడు. ఎందుకంటే అక్కడ మనుషులున్నారు. దాదాపు వంద ఊళ్లు, పాలమూరు వైపు కొన్ని, కర్నూలు వైపు కొన్ని. అవి ఎవరో పారేసుకున్న ఓడలు కావు. 1981లో ఇళ్లు పడగొట్టి, తలుపులూ దూలాలూ బండ్ల మీద వేయించి, పొమ్మన్నారు. ఎక్కడికి పొమ్మన్నారో సరిగా చెప్పలేదు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మాత్రం రాయి రాయీ విప్పి అలంపురం తీసుకొచ్చి మళ్లీ నిలబెట్టారు. జటప్రోలు గుళ్లను కూడా ఒడ్డుకు చేర్చారు. చాలా మంచి పని. దేవుడి గడప ఎక్కడ పోయిందో ఇప్పటికీ ఎవరైనా చూపిస్తారు. మనుషుల గడప అడగండి చూద్దాం. ఏ రాయి మీదా నంబరు వేయలేదు, ఏ మనిషినీ మళ్లీ నిలబెట్టలేదు. 1986లో 98 జీవో ఇచ్చారు, ముంపు కుటుంబాలకు ఉద్యోగాలన్నారు. కొందరికి వచ్చాయి. మిగతావాళ్లకు ఉద్యోగ వయసు పోయింది, రిటైరయ్యే వయసూ పోయింది, ఇప్పుడు కలెక్టరేట్ ముందు టెంటు కింద కొడుకులు కూర్చుంటున్నారు. ఆ ఊళ్లు మీకు అద్భుత విహారమా? సిగ్గనేది 1975 తర్వాత తయారైన సామగ్రి అయితే చెప్పండి, ఒడ్డునే వదిలేసి దిగండి.

పైగా దిగనవసరం కూడా లేదు. ఎండాకాలంలో నీటిమట్టం 885 అడుగుల నుంచి జారిపోయాక ఆ ఊళ్ల మొండిగోడలు వాటంతటవే బయటికొస్తాయి. పాత ఊరివాళ్లు చెప్పుల కాళ్లతో పోయి, ఇది మా వాకిలి, ఇది మీ వాకిలి అని వెతుక్కుని వస్తారు. టికెట్ లేదు. మీటరు చూసుకోవాల్సిన పని లేదు.

నిర్వాహకులకు ఈ మాట చెప్పి చూశాను. చాలా సంతోషించారు. అలాంటి పెద్దాయన ఒకరుంటే పడవలో కూర్చోబెట్టి, ఏ ఊరు ఎక్కడుందో వేలితో చూపించమంటామన్నారు. "లోకల్ గైడ్"గా గౌరవిస్తారట. ముంపు గ్రామానికి చెందిన ఒక పెద్దాయన దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చూపిస్త సారూ, దానికేమున్నది. కూలెంత?"

కూలి ప్రస్తావన వచ్చేసరికి కార్యదర్శి గారు కాస్త ఇబ్బంది పడ్డారు. ఇది అభిమానుల కార్యక్రమమని, బడ్జెట్ అంతా హెల్మెట్ అద్దెకే పోయిందని, అయితే అతిథుల చేతుల మీదుగా ఒక సర్టిఫికెట్ మాత్రం తప్పకుండా ఇస్తామని చెప్పారు.

"సర్టిఫికెట్లు శాన ఉన్నయ్ సారూ నా కాడ," అన్నాడు ఆయన. "ముంపు సర్టిఫికెట్టున్నది, పట్టా నకలున్నది, జీవో కాగితమున్నది. మీదొకటి తీస్కుంటగని, బదులుకు గీండ్ల ఏదన్న ఒకటి మీరు తీస్కపోన్రి. పెట్టెల జాగ లేదు."