చుట్ట పొగ నోట్లోనే ఆగిపోదు

పర్లాకిమిడిలోనూ పక్కనున్న పాతపట్నంలోనూ ఈ మధ్య ఒక ఆడియో ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. అందులో చెప్పేవి నాలుగు మాటలు: అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ రాదు, ఏటా ఎక్స్‌రే తీయించుకుంటే చాలు, సూదితో ముక్క తీస్తే గడ్డ ఒళ్లంతా పాకుతుంది, జబ్బు ముదిరాక ఆసుపత్రిలో చేసేదేమీ లేదు. ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేస్తున్నదాన్ని. విని ఊరుకోలేకపోయాను.

నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట మన వైపు ఆడవాళ్లలో పాత అలవాటు. అది అంగిలి క్యాన్సర్ తెస్తుందని చాలామందికి తెలుసు. అందుకే హాని నోటితోనే సరి అనుకుంటారు. నోట్లో నిండిన పొగ ఊపిరితో లోపలికి పోక ఎక్కడికి పోతుంది? గట్టిగా పీల్చకపోయినా చుట్టతో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అసలు పొగాకే ముట్టని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది.

ఇందులో మా తప్పూ ఉంది. ఆయాసంతో వచ్చిన ఒక అవ్వను "సిగరెట్టు, బీడీ తాగుతావా?" అని అడిగాను. లేదంది. కాగితం మీద 'పొగ అలవాటు లేదు' అని రాసేశాను. రెండో రోజు చీర మారుస్తుంటే రొంటిలోంచి సగం కాలిన చుట్ట జారిపడింది. "ఇది సిగరెట్టు కాదు కదమ్మా" అంది, దాచిపెట్టాలన్న ఆలోచనే లేకుండా. పెళ్లి కాకముందు నుంచీ రోజుకు నాలుగు కాలుస్తోంది. ఆ రోజు నుంచి నేను చుట్ట పేరెత్తే అడుగుతున్నాను. ఎన్ని, ఎన్నేళ్లు, ఇంట్లో ఇంకెవరు కాలుస్తారు, వంట కట్టెల పొయ్యి మీదేనా అని కూడా.

ఇక ఎక్స్‌రే. అమెరికాలో 55 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న, బాగా పొగతాగిన యాభై వేలకు పైగా మనుషుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. సగం మందికి ఎక్స్‌రే, సగం మందికి తక్కువ రేడియేషన్‌తో సీటీ స్కాన్ తీశారు. సీటీ తీసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. చిన్న గడ్డ గుండె నీడలోనో పక్కటెముక చాటునో ఉంటే ఎక్స్‌రేకు చిక్కదు. అలాగని అందరూ సీటీకి పరుగెత్తమనడం లేదు. ఆ పరిశోధనలో అనుమానించిన మచ్చల్లో 96 శాతం క్యాన్సర్ కావని తేలింది. పాత క్షయ మచ్చలున్న మన ఊళ్లలో ఆ గందరగోళం ఇంకా ఎక్కువ. అమెరికా నిపుణుల 2021 సూచన ప్రకారం ఈ పరీక్ష 50–80 ఏళ్లవారికి, అదీ రోజుకో సిగరెట్టు పెట్టె చొప్పున 20 ఏళ్లు తాగినంత లెక్క ఉండి, ఇంకా తాగుతున్నవారికీ, మానేసి 15 ఏళ్లు దాటనివారికీ మాత్రమే.

ఇదంతా ఏ బాధా లేనివారి సంగతి. మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, తగ్గిపోతున్న బరువు ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కఫంలో క్షయ క్రిమి కనపడకపోయినా క్షయ మందులు మింగుతూ నెలలు పోగొట్టుకున్నవారిని చూశాను. మందులతో గుణం కనిపించకపోతే సీటీ సంగతి మీరే అడగండి.

సూది భయానికి జవాబు చిన్నదే. సూది దారిన క్యాన్సర్ పాకడం చాలా అరుదు. ముక్క తీయకపోతే అది ఏ రకమో తెలియదు, రకం తెలియకపోతే ఏ మందు పనిచేస్తుందో తెలియదు. కొందరికి మాత్రలతోనే గడ్డ తగ్గుతుంది. అది తేలేదీ ఆ ముక్కతోనే.

నాలుగో మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో కొందరికి మొదటి నుంచే ఉపశమన వైద్యం, అంటే బాధ తగ్గించే వైద్యం కూడా ఇచ్చారు. 2010లో వెలువడిన ఆ ఫలితాల్లో వారి మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది దాటిన ఆయుష్షు, 11.6 నెలలు, మిగతావారిది 8.9. బాధ తగ్గించడం వైద్యం కాదంటే ఎలా?

ఊపిరి అందక గాబరాపడే మనిషిని పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల మీద దిండు వేసి, దాని మీదకు చేతులు చాచి వాలమనండి. చిన్న ఫ్యాను గాలి ముఖానికి తగలనివ్వండి. ముక్కుతో పీల్చి, పెదాలు ముడిచి మెల్లగా వదలమనండి. దీపం ఆరిపోకూడదు, వత్తి వణకాలి, అంత మెల్లగా. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే డాక్టరు రాసే మార్ఫిన్ ఉంది. తగిన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీయదు, రాత్రి నిద్ర పట్టనిస్తుంది. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది కాబట్టి, దాంతో పాటు విరేచనం సాఫీగా కావడానికి మందు మొదటి రోజు నుంచే ఇమ్మని అడగండి, చాలాచోట్ల మరిచిపోతారు.