ఇంటి సర్వర్ కొరివితో తల గోక్కోవడం కాదు

ఈ మధ్య ఒక సందేశం ఫోన్లలో విపరీతంగా తిరుగుతోంది. "ఇంట్లో సర్వర్ పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే" అన్నది దాని శీర్షిక. కరెంటు బిల్లు నెలకు మూడు వేలు పెరుగుతుందట. స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పటికీ మారని ఇంటర్నెట్ చిరునామా, కొనకపోతే అసలు పనిచేయదట. వారం తిరగకముందే హ్యాకర్లు దూరుతారట. కరెంటు పోతే డేటా పోతుందట, పెద్ద కంపెనీల దగ్గరైతే ఎన్నటికీ పోదట. ఇంజినీర్లకు తప్ప ఇతరులకు చేతకాదట. చివరగా, పెట్టినవాడు పోతే ఇంట్లోవాళ్లకు తెరవడం కూడా రాదట.

మా బంధువుల గ్రూపులోకే ఇది నాలుగు సార్లు వచ్చింది. ఏడేళ్లుగా ఇంట్లో సర్వర్, అంటే మా ఫైళ్లను దాచి అడిగిన ఫోన్లకు అందించే కంప్యూటర్, నడుపుతున్నాను. మా కుటుంబం ఫొటోలు, పత్రాలు, మా అమ్మమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు అందులోనే ఉన్నాయి. ఈ సందేశం చదివి ప్రయత్నం మానుకున్నవారు ఇద్దరు నాకు తెలుసు. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు కరెంటు సంగతి. మూడు వేల లెక్క ఎక్కడిదో వెతికితే దొరికింది. కంప్యూటర్ పవర్ సప్లై మీద 500 వాట్లు అని రాసి ఉంటుంది. దాన్ని 24 గంటలతో, 30 రోజులతో గుణిస్తే 360 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకుంటే 2,880 రూపాయలు. గుణకారం సరైనదే, మొదటి అంకే తప్పు. పవర్ సప్లై మీద రాసేది అది ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి, యంత్రం నిత్యం తాగే కరెంటు కాదు. రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి చిన్న బోర్డు పనిలేనప్పుడు సుమారు 3 వాట్లు, పని ఎక్కువైతే 6, 7 వాట్లు తీసుకుంటుంది. డిస్కుతో కలిపి 10 వాట్లు అనుకున్నా నెలకు 7.2 యూనిట్లు, అంటే 58 రూపాయలు. రోజుకు పది గంటలు తిరిగే 75 వాట్ల పాతకాలపు ఫ్యాను నెలకు 22 యూనిట్లకు పైగా తాగుతుంది. పాత డెస్క్‌టాప్‌ను సర్వర్ చేస్తే మాత్రం 80 వాట్ల దాకా పోవచ్చు, అప్పుడు 57 యూనిట్లు దాటుతుంది. కరెంటు గురించి బెంగపడేవారు దాని జోలికి పోకుండా, మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్ వాడుకోవడం మేలు.

అసలు సర్వర్ అనగానే చల్లటి గదిలో వరుసగా నిలబెట్టిన ఇనుప బీరువాలే కళ్ల ముందుకు వస్తాయి. ప్రపంచపు తొలి వెబ్ సర్వర్ 1990 చివర్లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ బల్ల మీద ఉన్న నెక్స్ట్ కంప్యూటర్. ఎవరైనా పొరపాటున ఆపేస్తారని "ఈ యంత్రం సర్వర్, ఆపవద్దు" అని ఎర్ర సిరాతో రాసిన చీటీ దానికి అంటించారు. అడిగినవారికి అడిగింది అందించే కంప్యూటర్ ఏదైనా సర్వరే.

స్టాటిక్ ఐపీ విషయంలో సందేశం సగం నిజమే చెప్పింది, అయితే ఆ సగం కూడా అది అనుకున్న కారణంతో కాదు. ఇంటర్నెట్‌లోని పాత రకం చిరునామాలు, అంటే ఐపీవీ4 చిరునామాలు, మొత్తం 429 కోట్లే. అవి చాలక నెట్ ఇచ్చే సంస్థలు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి గేటు దగ్గర ఒకే పోస్టు డబ్బా ఉన్నట్టు: మన ఫ్లాటుకు నేరుగా ఉత్తరం రాదు. మీ రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఏదైనా అంకెతో మొదలైతే మీరు ఈ ఏర్పాటులోనే ఉన్నారు. అప్పుడు రౌటర్‌లో పోర్టు, అంటే బయటివారు లోపలికి వచ్చే తలుపు, ఎన్నిసార్లు తెరిచినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు.

దీనికి స్టాటిక్ ఐపీ కొనడం ఒక్కటే దారి కాదు. బయటివారు లోపలికి రాలేకపోయినా, లోపలి యంత్రం బయటికి వెళ్లి కలవగలదు. మన యంత్రాలను ఎక్కడున్నా ఒకదానితో ఒకటి కలిపే టెయిల్‌స్కేల్ అనే సేవ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. ఓపిక ఉన్నవారు బయట ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాంతో సొంత సొరంగం, అంటే ఇతరులు చూడలేని దారి, వేసుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఇచ్చే టన్నెల్ కూడా ఉంది, కానీ అందులో మన సమాచారం వారి యంత్రాల దగ్గర ఒకసారి విప్పబడి మళ్లీ ముడిపడుతుందని తెలిసి వాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, చాలామందికి బయటి నుంచి చేరవలసిన అవసరమే లేదు. సాయంత్రం ఇంటికి రాగానే మా ఫోన్లు వైఫైలో చేరి ఆనాటి ఫొటోలను సర్వర్‌లోని ఇమ్మిచ్ అనే ఫొటోల ప్రోగ్రాంలోకి పంపేస్తాయి. ఆ పనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

ఇక హ్యాకర్లు. ఈ మాటను తీసిపారేయను. "మా ఇంటిని ఎవరు పట్టించుకుంటారు" అని ధైర్యం చెప్పుకునేవారిది కూడా తప్పే. మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 2013లో చేసిన జీమ్యాప్ అనే ప్రోగ్రాం ఐపీవీ4 ప్రపంచం మొత్తాన్ని 45 నిమిషాల లోపే తట్టి చూడగలిగింది. మనపై ఎవరికీ పగ ఉండనక్కర్లేదు, యంత్రాలు ప్రతి తలుపునూ తడుతూనే ఉంటాయి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీ వారి మై బుక్ లైవ్ అనే ఇంటి నెట్‌వర్క్ డిస్కులు ప్రపంచమంతటా ఎందరి ఇళ్లలోనో ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. వాటికి కంపెనీ 2015లోనే అప్‌డేట్లు ఆపేసింది, అయినా అవి నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్నాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దోపిడీ ప్రోగ్రాం క్యూనాప్ కంపెనీ వారి అలాంటి డిస్కుల మీద పడి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అదే ఏడాది పాస్‌వర్డులు దాచిపెట్టే లాస్ట్‌పాస్ కంపెనీలోకి దొంగలు చొరబడినది కూడా ఒక ఉద్యోగి ఇంటి కంప్యూటర్ ద్వారానే. అందులోని ప్లెక్స్ అనే వీడియోల సాఫ్ట్‌వేర్‌కు 2020 మే నెలలోనే వచ్చిన సవరణను ఆయన వేసుకోలేదు.

ఇవి సందేశానికి బలం చేకూర్చే ఉదాహరణలే కదా అనిపించవచ్చు. కొంచెం నిదానంగా చూడండి. మూడింటిలోనూ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంది, మొదటిదానికి సవరణలు ఆగిపోయి ఏళ్లు గడిచాయి, మూడోదానికి సవరణ వచ్చినా వేసుకోలేదు. డిస్కుల విషయంలో తలుపు బార్లా తెరిచి కూడా ఉంది. ఈ తప్పులు చేయకుండా ఉండటం మన చేతిలోని పని. వైర్‌గార్డ్ సరైన తాళంచెవి లేనివారు తడితే అసలు పలకదు. తట్టినవారికి అక్కడ తలుపు ఉన్నట్టే తెలియదు. అది 2020 మార్చిలో సర్వర్లు ఎక్కువగా నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 5.6 కెర్నెల్‌లోనే, అంటే దాని మూల భాగంలోనే, చేరింది, ఉచితం. ఇంటి సేవలన్నీ దాని వెనుక పెట్టి, వారానికొకసారి అప్‌డేట్లు వేసుకుంటే ఆ యంత్రాల తాకిడికి చాలావరకు దూరంగా ఉన్నట్టే. ఆ వారపు పని చేయలేనని అనుకునేవారు సర్వర్‌ను ఇంటి వైఫై దాటనివ్వకండి. ఈ ఒక్క మాట మీద నేను ఎవరికీ సడలింపు ఇవ్వను.

"కంపెనీల దగ్గర డేటా ఎన్నటికీ పోదు" అన్నదే నాకు ఎక్కువ బాధ కలిగించిన వాక్యం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలి బూడిదైంది. వేరే చోట నకలు పెట్టుకోని ఖాతాదారుల సమాచారం దానితోనే పోయింది. పన్నెండేళ్ల పాటు జనం ఎక్కించిన పాటలు పోయాయని మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు 2019లో ఒప్పుకుంది. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ పెన్షన్ సంస్థ క్లౌడ్ ఖాతాను, అంటే గూగుల్ కంప్యూటర్లలో ఆ సంస్థ అద్దెకు తీసుకున్న చోటును, గూగుల్ పొరపాటున తుడిచేసింది. ఆరు లక్షలకు పైగా సభ్యులున్న ఆ సంస్థ మరో కంపెనీ దగ్గర కూడా నకలు ఉంచుకోవడం వల్ల గట్టెక్కింది.

పోవడానికి మంటలే అక్కర్లేదు. మా పెద్దనాన్న పాత సిమ్ రీచార్జి చేయక రద్దయింది. ఆ తర్వాత ఫోను పాడై కొత్తది కొంటే, ఫొటోలున్న క్లౌడ్ ఖాతా తెరవడానికి ఓటీపీ ఆ రద్దైన నంబరుకే వెళుతుందని తెలిసింది. అక్క పెళ్లి ఫొటోలన్నీ అందులోనే. ఎన్ని అర్జీలు పెట్టినా యంత్రం రాసిన జవాబులే వచ్చాయి, మాట్లాడటానికి ఒక్క మనిషి దొరకలేదు. ఆ ఫొటోలు చెక్కు చెదరకుండా ఎక్కడో ఉన్నాయి, ఆయనకు మాత్రం లేవు.

ఇంట్లోనూ పోతాయి. మొదటి ఎండాకాలంలోనే కరెంటు కోతలకు నా మెమరీ కార్డు చెడిపోయింది. రాస్తున్న క్షణంలో విద్యుత్తు ఆగితే ఆ కార్డులు తట్టుకోలేవు. తర్వాత ఎస్‌ఎస్‌డీ అనే గట్టి డిస్కుకు మారాను, రౌటర్‌నూ సర్వర్‌నూ కలిపి ఒక చిన్న యూపీఎస్‌కు తగిలించాను. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి ఉంది: మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట. నా మూడో నకలు మా అత్తగారింట్లో, పాస్‌వర్డు లేకుండా తెరుచుకోని డిస్కులో ఉంది. పండక్కి వెళ్లినప్పుడల్లా దాన్ని మార్చి వస్తాను. క్లౌడ్ వద్దని చెప్పడం లేదు, ఒక నకలు అక్కడ కూడా పెట్టుకోండి. ఒక్కచోటే ఉంచడమే ప్రమాదం, ఆ చోటు ఎవరిదైనా సరే.

ఇంజినీర్లకే సాధ్యమన్న మాటకు పెద్దగా చెప్పేదేమీ లేదు. బడిలో గణితం చెప్పే మా అక్క రెండు ఆదివారాల్లో ఫైళ్లు దాచుకునే నెక్స్ట్‌క్లౌడ్ ప్రోగ్రాంతో ఇంటి సర్వర్ పెట్టుకుంది. ఈమెయిల్ సర్వర్ జోలికి మాత్రం వెళ్లవద్దని నేనే ఆమెను ఆపాను. ఇంటి కనెక్షన్ల చిరునామాల నుంచి వచ్చే మెయిల్‌ను పెద్ద సంస్థలు చాలావరకు చెత్తగానే చూస్తాయి, చాలా చోట్ల దానికి కావలసిన 25వ పోర్టు కూడా మూసే ఉంటుంది.

చివరిది, పెట్టినవాడు పోతే ఇంట్లోవాళ్ల గతేమిటన్న ప్రశ్న. ఇది పూర్తిగా నిజం, ఈ సందేశం రాసినవారికి ఇందుకు కృతజ్ఞుణ్ణి. నాలుగేళ్ల పాటు అన్ని పాస్‌వర్డులూ నా తలలోనే ఉండేవి. ఇప్పుడు రెండు పేజీల కాగితం రాశాను: ఏ పెట్టె ఎక్కడుంది, ఏ తాళం దేనిది, ఏమీ అర్థం కాకపోతే డిస్కును ఏ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఫొటోలు మామూలు ఫోల్డర్లలో కనిపిస్తాయి. పోయిన ఉగాదికి నేను పక్క గదిలో కూర్చుని, మా ఆవిడను ఆ కాగితం చూసి అమ్మమ్మ హారతి పాట ఒకటి తెరవమన్నాను. నలభై నిమిషాలు పట్టింది. మూడో మెట్టు దగ్గర ఆమె ఆగిపోయిన చోటును ఆ సాయంత్రమే తిరగరాశాను.