ముళ్లకంచె గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ముళ్లకంచె గారికి నమస్కరించి వ్రాయునది.

పొడి గడ్డిభూమిలో పురుగూ పుట్రా బతకాలంటే పశువులను ఎంత మేపాలన్న చిక్కుముడిని తమరు ఒక్క తీగ లాగి విప్పేశారు: ఇవతల మంద ఏడాది పొడవునా ఉంటుంది, అవతల ఎన్నడూ అడుగుపెట్టదు. ఇంత సులువైన ఉపాయం తట్టనందుకు కీటక శాస్త్రజ్ఞులు తలలు దించుకోవాలి.

ముందుగా ఇవతలి వైభవం. నాలుకతో గడ్డిని చుట్టి తెంపే ఆవు కాస్త గడ్డి మొదలునైనా వదులుతుంది గాని, సన్నని మూతితో ఏరి కొరికే గొర్రె, తమరి చలవ వల్ల మరోచోటికి పోలేక, తేనెటీగకు ఒక్క పువ్వునైనా మిగల్చదు. పశువు వెచ్చని ఊపిరి సోకగానే బఠాణీ పేనుబంక మొక్క మీది నుంచి దూకి ప్రాణం దక్కించుకుంటుంది. మళ్లీ ఎక్కడానికి కాడ మిగలాలన్నది తమరి లెక్కలో లేదు. ఒక్కచోటే మేసే మందకు నట్టలు పట్టక మానవు. నట్టల మందుగా వేసిన ఐవర్‌మెక్టిన్ పేడలోకి దిగి, ఆ పేడను దొర్లించుకుపోయే, పాతిపెట్టే పురుగుల పిల్లలను చంపుతుంది. విందు పెట్టి విషం కలపడంలో తమరికి సాటి లేరు.

అవతల మొదట్లో పువ్వులు విరగబూస్తాయి, సాలీళ్లు పెరుగుతాయి (అవి కీటకాలు కావని తమకు చెప్పనక్కరలేదు). తరువాత మొండిగడ్డి పేరుకుని నేలకు ఎండ తగలనివ్వదు. బ్రిటన్‌లో తమరి వంశీకులొకరు ఇలాగే కీర్తి గడించారు. లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుకను పట్టుకుపోయేవారి నుంచి కాపాడాలని కంచె వేస్తే, వారితో పాటు పశువులూ బయటే ఆగిపోయాయి. గడ్డి ఎదిగి నేల చల్లబడితే, దాని గొంగళిపురుగును తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకెళ్లి సాకే చీమలు నిలవలేవు. ఇతర చోట్ల కూడా మేత తగ్గి, కుందేళ్లు రోగంతో చచ్చి, 1979 నాటికి ఆ దేశంలో ఆ సీతాకోకచిలుక కనుమరుగైంది. స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ నిలబెట్టడానికి పశువులను మేపవలసి వచ్చింది.

చాలా మిడతలు గుడ్లు పెట్టేది వెచ్చని ఉత్త నేలలో, దాక్కునేది ఎత్తయిన గుబుర్లలో. ఆ రెండింటి మధ్యా తమరే నిలబడ్డారు. కనుక పూతకాలంలో ఏటా ఒక్కో నేలచెక్కను మేపకుండా వదలడానికి వీలుగా, తమరికి అక్కడక్కడా గేట్లు పెట్టించాలని నిశ్చయించాము. మందు వేసిన పశువులను కొన్నాళ్లు విడిగా ఉంచే దొడ్డి చుట్టూ మాత్రం తమరు రెండు వరుసలుగా నిలబడినా అభ్యంతరం లేదు.

ఇట్లు,
పట్టకారుతో సిద్ధంగా ఉన్న తమరి విధేయుడు