వారానికోసారి అరగంట రింగు రోడ్డు

రాత్రి పదకొండు దాటాక హైదరాబాద్ నానక్‌రాంగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కే డీజిల్ కార్లలో కొన్ని శంషాబాద్ దాకా వెళ్లి, ఎవరినీ దింపకుండా, ఎవరినీ ఎక్కించుకోకుండా, టోల్ కట్టి మరీ వెనక్కి వచ్చేస్తుంటాయి. వాళ్లకు విమానంతో పని లేదు. షికారు కూడా కాదు. డ్యాష్‌బోర్డు మీద వెలిగిన పసుపు దీపాన్ని ఆర్పడానికి బయల్దేరిన గృహస్థులు వాళ్లు. నగరంలో గాలి శుభ్రంగా ఉండాలన్న జాతీయ లక్ష్యం ప్రస్తుతం వీళ్ల భుజాల మీద ఉంది. కాబట్టి వీళ్లకు కనీసం టోల్ మినహాయింపు, వీలైతే జనవరి 26న ఒక శాలువా ఇప్పించాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

పెట్రోల్ కార్లవాళ్ల కోసం అసలు విషయం నాలుగు ముక్కల్లో. కొత్త డీజిల్ కార్ల పొగగొట్టంలో డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉంటుంది, షెడ్డులో డీపీఎఫ్ అంటారు. తేనెపట్టులా సన్నటి గదులున్న సిరామిక్ దిమ్మ అది. ఒక గదికి వెనక మూత, పక్క గదికి ముందు మూత. పొగ ఒకదాంట్లో దూరి, గోడలోంచి వడకట్టుకుని పక్కదాంట్లోంచి బయటపడుతుంది. మసి లోపలే ఉండిపోతుంది. వాహనాల పొగకు కేంద్రం పెట్టిన హద్దులను భారత్ స్టేజ్, పొట్టిగా బీఎస్ అంటారు. బీఎస్4 డీజిల్ కారు కిలోమీటరుకు 0.025 గ్రాముల దాకా మసి కణాలు వదలొచ్చు. బీఎస్6లో ఆ హద్దు 0.0045 గ్రాములు. ఊపిరితిత్తులున్న వాళ్లెవరూ దీన్ని కాదనరు, నేనూ కాదనను.

పేచీ అంతా లోపల ఉండిపోయిన మసితోనే. ఫిల్టరు నిండాక దాన్ని కాల్చేయాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. అందుకని ఇంజిన్ కంప్యూటర్ మామూలుగా కొట్టే డీజిల్ కాక ఇంకాస్త ఆలస్యంగా కొడుతుంది. అది సిలిండర్లో పనికి రాకుండా పోయి, పొగగొట్టంలో రసాయన చర్య జరిపించే క్యాటలిస్ట్ దగ్గర మండి వేడి పుట్టిస్తుంది. దీని పేరు రీజనరేషన్. డీజిల్ మసిని వదిలించుకోవడానికి డీజిలే తగలబెట్టే ఈ ఏర్పాటు సజావుగా పూర్తవ్వాలంటే కారు ఆగకుండా, గంటకు అరవైకి తగ్గకుండా, పదిహేను ఇరవై నిమిషాలు పోతూనే ఉండాలి. లేకపోతే మసి పేరుకుని ఆ పసుపు దీపం వెలుగుతుంది. మాన్యువల్లో ఈ వాక్యం రాసిన మహానుభావుడు ఉదయం తొమ్మిదిన్నరకు కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ వెళ్లి ఉండడని ప్రమాణం చేసి చెప్పగలను.

ఈ నిబంధనలు మన గడప తొక్కిన ముహూర్తం కూడా గొప్పది. 2016 జనవరిలో కేంద్రం బీఎస్5 మెట్టు వదిలేసి ఒకే అంగలో బీఎస్6 మీద కాలు పెడతామంది. చమురు కంపెనీలు డీజిల్లో గంధకాన్ని 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) నుంచి 10 పీపీఎంకి దించాయి. మారుతి వాళ్లు ఈ గొడవంతా ముందే ఊహించారో ఏమో, డీజిల్ కార్లకో దండం పెట్టి తప్పుకున్నారు. చివరికి అంతా సిద్ధమై 2020 ఏప్రిల్ 1న బీఎస్6 అమల్లోకి వచ్చింది. ఆ వారం దేశమంతా లాక్‌డౌన్. హైవే మీద పరుగెత్తితే తప్ప ఆరోగ్యంగా ఉండని కార్లను, హైవే ఎక్కితే లాఠీ దెబ్బలు తినే వారంలో ప్రవేశపెట్టాం. ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో గానీ ఆయనకూ ఒక శాలువా కప్పాలి.

పసుపు దీపం ఊరికే వెలగదు, ముందు కొన్ని శకునాలు కనిపిస్తాయి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ కాస్త గట్టిగా అరుస్తుంది. మైలేజీ మీటరు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఇంటికొచ్చి తాళం తీసేశాక కూడా రేడియేటర్ ఫ్యాను బుస్సుమని తిరుగుతూనే ఉంటుంది, కాలిన వాసన వస్తుంది. పక్కింటాయన పరుగెత్తుకొచ్చి "బండి అంటుకుందేమో చూడండి సార్" అంటాడు. అంటుకోలేదు. మసి కాలుతుండగా మధ్యలో మీరు ఆపేశారు, అంతే. ఇలా నాలుగైదుసార్లు ఆపితే కాలకుండా మిగిలిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంటుంది. ఆయిల్ తగ్గిందని టెన్షన్ పడింది మన నాన్నల తరం. పెరిగిందని టెన్షన్ పడే భాగ్యం మనకు దక్కింది.

ఇక సర్వీస్ సెంటర్. అక్కడ అడ్వైజర్ కారు కంటే ముందు మిమ్మల్ని పరీక్షిస్తాడు.

"సార్, సిటీలోనే తిప్పుతున్నారా?"

"ఇల్లు, ఆఫీసు సిటీలోనే ఉన్నాయి బాబూ."

"అదే సార్ ప్రాబ్లమ్."

కారు అమ్మిన రోజు ఈ ముక్క ఎవరూ అనలేదు. ఆ రోజు అడిగిందల్లా రంగు, ఫాస్టాగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇప్పుడు మాత్రం ల్యాప్‌టాప్ తగిలించి బలవంతపు రీజనరేషన్ చేస్తారు. కారు నిలబడ్డ చోటే ఇంజిన్ దానంతటదే రంకెలేస్తుంటే మీరు వెయిటింగ్ రూములో చప్పటి కాఫీ తాగుతూ పాత పత్రిక తిరగేస్తారు. చివర్లో అడ్వైజర్ గొంతు తగ్గించి చెబుతాడు: "వారానికోసారి ఓ అరగంట రింగు రోడ్డు మీద తిప్పండి సార్." భోజనానికి ముందా, తర్వాతా అన్నది మాత్రం చెప్పడు. మాట వినకపోతే ఫిల్టరే మార్చాలి, కొన్ని మోడళ్లకు ఆ బిల్లు లక్ష దాటుతుంది. మాట విన్నా మసి పోతుందే గానీ ఆయిల్ వదిలే బూడిద ఎంత వేడికీ కాలదు, అది ఫిల్టర్లోనే పేరుకుంటుంది.

కొన్ని కార్లకు దీంతోపాటు ఇంకో మొక్కు కూడా ఉంది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులను తగ్గించడానికి వేరే ట్యాంకులో యూరియా ద్రావణం పోయాలి. నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగతాది నీళ్లు. అది అయిపోతే కారు మళ్లీ స్టార్ట్ కాదు. 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి తెల్లవారుజాము నుంచి కాచుకున్నారు. కారు యజమాని మాత్రం ఆన్‌లైన్లో బుక్ చేస్తే డబ్బా గుమ్మంలోకి వచ్చింది. ఇందులో వ్యంగ్యానికి నేను కొత్తగా చేర్చాల్సిందేమీ లేదు.

ఇన్ని బాధలు పడలేనివాళ్లు ఊరి చివర మెకానిక్ దగ్గరికి వెళ్తారు. ఆయన ఫిల్టరు డబ్బా కోసి, లోపలి దిమ్మ తీసేసి, పైకి తెలియకుండా వెల్డింగ్ చేసి, కంప్యూటర్‌కు "అంతా బాగుంది" అని అబద్ధం నేర్పిస్తాడు. చట్టప్రకారం నేరం. బ్రిటన్‌లో 2014 ఫిబ్రవరి నుంచి వార్షిక తనిఖీలో ఫిల్టరు లేని కారును ఫెయిల్ చేస్తున్నారు. నెదర్లాండ్స్ 2023 నుంచి పొగగొట్టంలో మసి కణాలను లెక్కపెట్టే యంత్రం పెట్టింది. మన దగ్గర బంకు పక్కన పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాన్లో కూర్చున్న కుర్రాడు నంబర్ ప్లేటును ఫోటో తీస్తాడు. ప్లేటు శుభ్రంగా ఉంటే గాలీ శుభ్రంగా ఉన్నట్టే. నిజాయతీగా ఫిల్టరు ఉంచుకున్నవాడు అర్ధరాత్రి శంషాబాద్ వెళ్లొస్తుంటే, పీకించుకున్నవాడు అదే సర్టిఫికెట్ పట్టుకుని హాయిగా నిద్రపోతాడు.

కాబట్టి నా ప్రతిపాదనలు. ఐటీ కంపెనీలు నెలకోరోజు రీజనరేషన్ సెలవు ఇవ్వాలి, డ్యాష్‌బోర్డు ఫోటో జతచేస్తే చాలు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పసుపు దీపం వెలిగిన కార్లకు ముందు దారివ్వాలి, అంబులెన్సు తర్వాతే సుమా, మంత్రిగారి కాన్వాయ్ కంటే మాత్రం ముందు. కారు కొనేవాడికి ఆధార్‌తోపాటు హైవే పక్కన ఇల్లున్నట్టు ధ్రువపత్రం అడగాలి.

సెకండ్ హ్యాండ్ బ్రోకర్లు మాత్రం ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా అప్పుడే సర్దుకున్నారు. ఒకప్పుడు "డాక్టర్ గారి బండి సార్" అంటే ఇంక బేరం ఉండేది కాదు. ఇంటి నుంచి క్లినిక్కి నాలుగు కిలోమీటర్లు, మెత్తగా నడిపి ఉంటారని నమ్మకం. ఇప్పుడు ఆ నాలుగు కిలోమీటర్లే కొంప ముంచేది. అందుకని బ్రోకర్ మాట మార్చాడు: "డాక్టర్ గారి బండే సార్. కాకపోతే ఆయన ఇల్లు ఎల్బీనగర్, ఆస్పత్రి సూర్యాపేట."