నాదల్ పేరు చెప్పి పిల్లల మణికట్లు పాడుచేయొద్దు

ఏ టెన్నిస్ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. పైన పెద్ద అక్షరాల్లో "నాదల్ ఫోర్‌హ్యాండ్ రహస్యం, అనంతపురం పిల్లలకు ఆయనే స్వయంగా చెప్పింది". నాదల్ అంటే స్పెయిన్ టెన్నిస్ దిగ్గజం, ఫోర్‌హ్యాండ్ అంటే రాకెట్ పట్టిన చేతివైపు వచ్చిన బంతిని కొట్టే షాట్. దాని కింద ఆరు పాయింట్లు. చివర "మీ పిల్లల భవిష్యత్తు కోసం పదిమందికి పంపండి". పంపేవాళ్ళు పరాయివాళ్ళు కాదు, పొద్దున్నే కోర్టు పక్కన కలిసి టీ తాగేవాళ్ళే. "అన్నా, సూసినావా? మావానికి ఇదే చెప్తాండా" అని ఒకాయన ఫోన్ కూడా చేశాడు. ఆ పిల్లవాడికి పదకొండేళ్ళు. మొన్న కంచె అవతల నిలబడి తండ్రి "తిప్పు, మణికట్టు తిప్పు" అని అరుస్తుంటే వాడు పిడిని ఎంత బిగించాడంటే వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి. బంతేమో నెట్‌కో, కంచెకో. ఆట ఆగినప్పుడల్లా ఎడమచేత్తో కుడి మణికట్టు నొక్కుకుంటున్నాడు. ఇది చూశాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

మెసేజ్ చూడనివాళ్ళ కోసం ఆ ఆరూ చెప్తాను. బలమంతా మణికట్టులోనే ఉంది, బంతి తగిలే క్షణంలో దాన్ని ఝాడించి తిప్పాలి. రాకెట్ వీలైనంత గట్టిగా బిగించాలి. ఏ షాట్‌కైనా, సర్వ్‌కైనా ఫుల్ వెస్టర్న్ పట్టు (అరచేయి పిడి అడుగువైపుకు వచ్చేలా పట్టడం) ఒకటే. మొదటి రోజు నుంచే పిల్లలకు పెద్దవాళ్ళ పసుపు బంతి ఇవ్వాలి. కుడిచేతి వాటం పిల్లల్ని ఎడమకు మార్చాలి. వీటన్నిటికీ రుజువు సానియా మీర్జా ఫోర్‌హ్యాండ్.

ముందు పైనున్న ఆ హెడ్డింగు సంగతి. 2010 అక్టోబరులో నాదల్ అనంతపురం వచ్చింది నిజం. ఆయన ఫౌండేషనూ, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్థాపించిన ఫాదర్ ఫెర్రర్ పేరుమీద నడిచే ఫౌండేషనూ కలిసి ఆ ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో పెట్టిన స్కూలు ప్రారంభానికి వచ్చాడు. అక్కడ టెన్నిస్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ నేర్పుతారు. పేద పిల్లలు చదువులో నిలబడాలని పెట్టిన బడి అది. ఆయన ఈ రహస్యం ఎవరికి చెప్పాడో, ఎవరు విన్నారో మెసేజ్‌లో ఎక్కడా లేదు. మన ఊరి పేరు కనిపిస్తే మనం నమ్ముతామని తగిలించారు, అంతే.

ఎడమచేతి పాయింటు మీద ఎక్కువ మాటలు అక్కర్లేదు. నాదల్ రాసేది కుడిచేత్తోనే. చిన్నప్పుడు రెండు వైపులా రెండు చేతులతో కొట్టేవాడు, ఎడమవైపు బలం కనిపించి అది నిలబడింది. మీ అబ్బాయి కుడిచేత్తో బాగా కొడుతుంటే వాణ్ని కదిలించొద్దు.

ఏ షాట్‌కైనా ఒకే పట్టు అన్నది నాదల్ కూడా చేయని పని. పిడికి ఎనిమిది పలకలున్నాయంటే చేయి ఒక్కచోటే ఉండాలని కాదు కదా. ఆయన ఫోర్‌హ్యాండ్‌ను ఎక్కువమంది కోచ్‌లు సెమీవెస్టర్న్ అంటారు, అంటే అరచేయి అంత అడుగుకు పోని పట్టు. సర్వ్‌కు, వాలీకి (బంతి నేల తాకకముందే కొట్టే షాట్), స్లైస్‌కు (బంతిని కోసినట్టు కొట్టే షాట్) కాంటినెంటల్‌కు, అంటే సుత్తి పట్టినట్టుండే పట్టుకు, మారేవాడు. వెస్టర్న్ పట్టుతో సర్వ్ చేసే పిల్లవాడికి ముంజేయి తిరగడానికి దారే ఉండదు. బంతిని ముఖం మీద చరిచినట్టు నెట్టడం తప్ప స్పిన్ రాదు. ఆ అలవాటు మాన్పించడానికి తర్వాత సంవత్సరాలు పడతాయి.

పసుపు బంతి పాయింటు చూడ్డానికి చిన్నదే కానీ నష్టం పెద్దది. ఎనిమిదేళ్ళ పిల్లకు మామూలు బంతి సిమెంటు కోర్టు మీద తలదాకా ఎగురుతుంది. అంత ఎత్తు బంతిని కొట్టడానికి చేయి తనంతట తనే పిడి కిందికి జారుతుంది. ఎవరూ నేర్పకుండానే ఫుల్ వెస్టర్న్ పట్టు పుట్టేది అలాగే. అందుకే 2012 నుంచి పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమమే పెట్టింది. పిల్లల కోసం చేసిన ఎరుపు బంతి మామూలుదానికంటే 75 శాతం నెమ్మది, నారింజ 50, ఆకుపచ్చ 25. బంతి నడుము ఎత్తులో వస్తే పట్టు చక్కగా కుదురుతుంది. "చిన్నపిల్లల బంతితో ఆడితే ఎప్పటికి ఎదుగుతాడు" అని సిగ్గుపడే తల్లిదండ్రులకు చెప్తున్నాను, మీ పిల్లవాడి పట్టు పాడయ్యేది ఆ పసుపు బంతితోనే.

ఇక బిగించి పట్టడం, మణికట్టు ఝాడించడం. ఈ రెండూ ఒకే మెసేజ్‌లో ఎలా పక్కపక్కన రాశారో నాకు అర్థం కాదు. ఇప్పుడే పిడికిలి గట్టిగా బిగించి మణికట్టు ఆడించి చూడండి. ఆడదు. పిడికిలి బిగిస్తే ముంజేతికి రెండు వైపులా కండరాలు ఒకేసారి గుంజుతాయి, మణికట్టు కర్రలా అవుతుంది. రెండు పాయింట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. రాసినవాడు ఒక్కసారైనా రాకెట్ చేతిలో పట్టుకుని రాశాడా?

బిగిస్తే బంతికి వేగం వస్తుందన్నదీ తప్పే. బంతి తీగల మీద ఉండేది నాలుగైదు మిల్లీ సెకన్లు. ఆ తాకిడి మీ చేతికి తెలిసేలోపే బంతి వెళ్ళిపోతుంది. రాకెట్‌ను గట్టిగా బిగించి ఒకసారి, ఊరికే నిలబెట్టి ఒకసారి బంతి కొట్టి చూసిన ప్రయోగాల్లో, బంతి మధ్యలో తగిలితే వెనక్కి వచ్చే వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంచున తగిలినప్పుడు మాత్రం రాకెట్ మెలిక తిరగకుండా కొంత పట్టు కావాలి. కొంతే. అస్తమానం బిగిస్తే భారం పడేది మోచేతి బయటి వైపున్న స్నాయువుల మీద, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళ మీద. 2004లో సచిన్‌ను ఆటకు దూరం చేసిన టెన్నిస్ ఎల్బో ఆ చోటిదేనని క్రికెట్ చూసేవాళ్ళందరికీ తెలుసు.

అసలు ప్రమాదకరమైంది మొదటి పాయింటు. నాదల్ ఫోర్‌హ్యాండ్‌ను స్లో మోషన్‌లో చూడండి. ముందు కాళ్ళు, ఆ తర్వాత నడుము, మొండెం, భుజం, చివరికి చేయి. చర్నాకోల విసిరినప్పుడు పిడి దగ్గర కదలిక చిన్నదే, కొస దగ్గర చప్పుడు పెద్దది. ఇక్కడా అంతే. మణికట్టు వెనక్కి వంగి ఉండి, కింది నుంచి వచ్చే ఊపుకు తనంతట తనే ముందుకు వస్తుంది. బంతి తగిలే క్షణంలో కూడా ఇంకా కాస్త వెనక్కి వంగే ఉంటుంది. మీరు ఫొటోల్లో చూసి "స్నాప్" అనుకునేది బంతి వెళ్ళిపోయాక జరిగింది. నాలుగైదు మిల్లీ సెకన్లలో "ఇప్పుడు తిప్పు" అని ఆదేశం పంపి అమలు చేసే మెదడు ఎవరికీ లేదు, నాదల్‌కూ లేదు. ఆయన టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరగడం) నిమిషానికి సగటున 3200 తిరుగుళ్ళంటే రాకెట్ కింది నుంచి పైకి అంత వేగంగా వెళ్ళబట్టి. మణికట్టును విడిగా విరిచినందువల్ల కాదు.

సానియాను రుజువుగా చూపించడం నాకు మరీ బాధ కలిగించింది. ఆ ఫోర్‌హ్యాండ్ అంటే నాకూ ప్రాణమే. కానీ 2008లో ఆమె కుడి మణికట్టుకు ఆపరేషన్ జరిగింది. అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్ సింగిల్స్ మొదటి రౌండులోనే మణికట్టు నొప్పితో మధ్యలో తప్పుకుంది. 2013లో సింగిల్స్ వదిలేసినప్పుడు మోకాళ్ళతో పాటు ఆ మణికట్టు కూడా కారణమే. అర్జెంటీనా ఆటగాడు డెల్ పోత్రో 2009లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2010లో కుడి మణికట్టుకు ఆపరేషన్, 2014, 2015ల్లో ఎడమదానికి మూడు. ఆస్ట్రియా ఆటగాడు థీమ్ 2020లో యూఎస్ ఓపెన్ గెలిచి 2021లో మణికట్టు దెబ్బతిని, మళ్ళీ ఆ స్థాయికి రాలేక 2024లో ఆట మానేశాడు. నాదల్ కూడా 2016 ఫ్రెంచ్ ఓపెన్ మధ్యలో ఎడమ మణికట్టు వల్లే వైదొలిగాడు. ఈ గాయాలన్నీ ఝాడించడం వల్లే వచ్చాయని నేననను. రోజూ గంటలకొద్దీ ఆడే భారం వేరు. కానీ ఫిజియో పక్కనే ఉండే వాళ్ళకే మణికట్టు ఇంత బలహీనమైన చోటైతే, ఎదిగే ఎముకలున్న పదకొండేళ్ళ పిల్లవాణ్ని దాన్నే ఆయుధం చేసుకోమనడం ఏం ధైర్యం?

ఒక విషయం మాత్రం మెసేజ్ రాసినవాడికి ఒప్పుకోవాలి. మణికట్టును పలకలా బిగబట్టమని నేర్పిన పాత కోచింగ్ కూడా తప్పే. అలా నేర్చుకున్నవాళ్ళ ఫోర్‌హ్యాండ్‌లో ఊపు చచ్చిపోయి ఉంటుంది. సర్వ్‌లోనైతే మణికట్టు వాటా నిజంగానే పెద్దది. భుజం లోపలికి తిరగడం తర్వాత రాకెట్ వేగానికి ఎక్కువ తోడ్పడేది అదే. "మణికట్టు వదులుగా ఉంచండి" అని ఒక్క మాట రాసి ఊరుకుని ఉంటే ఆ మెసేజ్‌ను నేనూ పంపేవాణ్ని.

ఇప్పుడు ఫోన్ చేసినాయనకు, ఆయనలాంటి వాళ్ళకు. వెస్టర్న్, సెమీవెస్టర్న్ పట్టు వాళ్ళకు నొప్పి ఎక్కువగా చిటికెన వేలి వైపు వస్తుంది, ఈస్టర్న్ (కరచాలనం చేసినట్టుండే పట్టు) వాళ్ళకు బొటనవేలి వైపు. మీవాడు నొక్కుకుంటున్నది చిటికెన వేలి వైపే, నేను చూశాను. టేపు చుట్టి ఆడించొద్దు. ముందు ఆట ఆపి ఎముకల డాక్టరుకు చూపించప్పా. తిరిగి కోర్టుకు వచ్చాక పిడి మందం చూడు. పట్టుకున్నప్పుడు వేళ్ళ కొసలకూ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడు వేలు దూరాలి. దూరకపోతే పిడి సన్నం, అందుకే వాడు అంత బిగిస్తున్నాడు. ఎండాకాలం చెమటకు జారుతుంటే ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పట్టీ) మార్చు, పిడికిలి బిగించమని మాత్రం అరవొద్దు.